సంచిలో మాంసకృత్తులు

బొద్దోడి తల్లికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పిల్లాడు తిండి తినక, చిక్కి చిక్కి, తను చూస్తూ ఉండగానే ఏదో ఒక రోజు లేకుండా పోతాడని. దొంగలు, నిప్పు, మెట్లు, ప్లగ్గు రంధ్రాలు, ఇవన్నీ దాని తర్వాతే. వాటికైతే ఆమె దగ్గర ఉపాయాలున్నాయి. తలుపుకి రెండు గడియలు, ప్లగ్గులకి టేపు, బల్ల మూలలకి మడిచి కట్టిన పాత మేజోళ్లు. తినని పిల్లాడికి అంటించే టేపు మాత్రం ఏ కొట్లోనూ దొరకదు.

పుట్టినప్పుడు నిజంగానే బొద్దుగా ఉన్నాడు కాబట్టి అందరూ బొద్దోడన్నారు. పాలు తగ్గించి గట్టి తిండి మొదలుపెట్టాక ఒళ్లు పోయింది, పేరు మిగిలింది. పెట్టింది తినడు, పెట్టనిది వదలడు. ఉడికించిన బంగాళదుంపని వెన్నలా మెదిపి చెంచాతో నోటి దగ్గరికి తెస్తే, గిట్టని చుట్టాన్ని చూసినట్టు మొహం తిప్పేస్తాడు. చేతికందిన చెప్పునో, తాళంచెవినో, నాన్న బెల్టునో మాత్రం కళ్లు మూసుకుని చీకుతాడు. తల్లి మూడు పూటలా పాట పాడేది, చెంచాని కాకిని చేసేది, పిచ్చుకని చేసేది, చివరికి పారెయ్యలేక ఆ గుజ్జు తనే తినేసేది. ఆ ఇంట్లో బొద్దుగా అవుతున్నది ఆమె ఒక్కతే.

ఆ రోజు ఉదయం ఇంట్లో వేసుకున్న ఏర్పాటు చాలా మామూలుది. తల్లి బొద్దోణ్ని బరువు తూయించడానికి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి, అత్తగారు తోడు వెళ్లాలి, భర్త తన పనికి తను పోవాలి. బరువు సంగతి మాత్రం మామూలుది కాదు. ఈసారి కూడా తక్కెడ ముల్లు కదలకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోద్దామని డాక్టరమ్మ పోయినసారే చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ తల్లికి తోటలో నీళ్ల గొట్టం చూసినా గుండె దడే.

భర్త చేపల పెంపకం కేంద్రంలో మేత చూసుకునే సూపర్‌వైజరు. అతనికీ ఆ రోజు పరీక్షే. అక్కడి చెరువుల్లో ఇన్నాళ్లూ ఎండుచేపల పొడి కలిపిన మేత వేస్తూ వచ్చారు. చేపని పెంచడానికి ఇంకో చేపని పొడి కొట్టడమేమిటని, ఆ పొడి కూడా రాను రాను దొరక్కుండా పోతోందని, అతను యజమానికి నచ్చజెప్పి ఒక చెరువులో కొత్త మేత మొదలుపెట్టించాడు. ఒక జాతి నల్ల ఈగ పురుగుల్ని కూరగాయల తుక్కు మీద పెంచి, ఎండబెట్టి, పొడి చేసి, ఆ పొడితో గుళికలు కట్టడం. మేత బాగుంది. కాకపోతే చేపలు ఆ గుళికల్ని నోట్లోకి తీసుకుని, రుచి చూసి, మర్యాదగా ఉమ్మేస్తున్నాయి. ఆ మధ్యాహ్నం యజమాని స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. చేపలు తింటే కొత్త మేత ఉంటుంది. తినకపోతే మేతా పోతుంది, దాని వెనకే మేతగాడూ పోతాడు.

ఇంట్లో మాత్రం అతను పురుగు అన్న మాట ఎన్నడూ ఎత్తలేదు. భార్య స్వభావం తెలిసినవాడు కాబట్టి "ప్రత్యామ్నాయ మాంసకృత్తులు" అనేవాడు. చిన్నప్పుడే చదువు ఆగిపోయిన ఆమెకు ఆ మాటకి నోరు తిరగడం కష్టమైంది గానీ, తిరిగాక ఇక వదల్లేదు. మావారు ప్రత్యామ్నాయ మాంసకృత్తుల్లో పనిచేస్తారని పాలు పోసేవాడితో సహా అందరికీ చెప్పేది. విన్నవాళ్లు ఇంకోసారి చెప్పమనేవారు. ఆమె సంతోషంగా చెప్పేది.

ఇలా ఉండగా ముందురోజు సాయంత్రం పురుగుల షెడ్డులో హీటరు కాలిపోయింది. చలికాలం. ఈ పురుగుల్లో ఒక గుణం ఉంది. ముదిరాక తినడం మానేసి, తడి తుక్కులోంచి బయటపడి, పొడిగా, చీకటిగా ఉన్న చోటు వెతుక్కుంటూ ఏటవాలు ఎక్కుతాయి. అందుకని షెడ్డులో తొట్టికి ఒక వాలు చెక్క ఆనించి, చెక్క చివర డబ్బా పెడతారు. ఎవరూ ఏరక్కర్లేదు, వాటంతటవే నడిచివచ్చి డబ్బాలో పడతాయి. యజమానికి చూపించి ఔరా అనిపించుకుందామని అతను అట్టేపెట్టుకున్న విద్య ఇదే. తెల్లారితే నడవాల్సిన పురుగులు చలికి బిగుసుకుపోతే ఎలా అని తొట్టిని ఇంటికి మోసుకొచ్చాడు. ఇంట్లో హీటరు ఉన్న గది ఒక్కటే, అది బొద్దోడి గది. భార్య వంటింట్లో గుజ్జు మెదుపుతున్న సమయం చూసి తొట్టిని పిల్లాడి మంచం కిందికి తోసేశాడు. ఊపిరాడదేమోనని మూత పెట్టలేదు. వాలు చెక్క లేదు కదా, ఇక ఎక్కడికి నడుస్తాయిలే అనుకున్నాడు.

చెక్క లేకపోతే దుప్పటి ఉంది. పిల్లాణ్ని బయటికి తీసుకువెళ్లేటప్పుడు పట్టుకెళ్లే పెద్ద సంచి ఆ మంచం కమ్మీకే వేలాడుతోంది. మర్నాటి ప్రయాణానికి అన్నీ ముందే సర్దేసిన తల్లి, ఉన్ని దుప్పటిని అందులో సగమే కుక్కగలిగింది. మిగతా సగం జారి తిన్నగా తొట్టిలోకి దిగింది. పైన సంచి నిండా మడతపెట్టిన పొడి గుడ్డలు, లోపల చిమ్మచీకటి. పురుగులకి అంతకన్నా కావలసిందేముంది.

తెల్లారాక తల్లి బొద్దోడికి గుడ్డ మార్చబోయింది. తడి గుడ్డ మడతలో రెండు పురుగులు కదిలాయి. గోధుమరంగువి, గట్టివి, ఒంటి నిండా ముడతలు. దారి తప్పి దుప్పటి మీంచి పరుపు మీదికి వచ్చిన రెండే రెండు అవి. ఆమె అరవలేదు. అరిస్తే అత్తగారు వస్తారు, అత్తగారు వస్తే శుభ్రం గురించి మాట వస్తుంది. ఖాళీ సిరప్పు సీసా తెచ్చి, చెంచాతో రెండిటినీ అందులో వేసి మూత బిగించింది. అప్పుడు మంచం అంచున కూర్చుని ఆలోచిస్తే అంతా అర్థమైపోయింది. పిల్లాడు తినకపోవడం ఏమిటి, పెట్టిందంతా లోపల ఇవి తింటుంటే. సీసాని కోటు జేబులో పెట్టుకుంది. వేలాడుతున్న దుప్పటిని సంచిలోకి తోసి, లోపలికి చూడకుండానే జిప్పు లాగేసింది. ఆమె చూపంతా జేబు మీదే ఉంది.

ఆమె వంటింట్లోకి వెళ్లగానే భర్త వచ్చి మంచం కిందికి వంగాడు. తొట్టిలో తుక్కు ఉంది. పురుగులు లేవు. మంచం కింద చూశాడు, తెర వెనక చూశాడు, తివాచీ ఎత్తి చూశాడు. తిరిగి వచ్చిన భార్య, నేల మీద బోర్లా పడుకుని ఉన్న మొగుణ్ని చూసి ఏం పోయిందని అడిగింది. పెన్ను అన్నాడు. పోయిన పెన్ను కోసం అంత చలిలో అంత చెమటేమిటని ఇంకో రోజైతే అడిగేది. ఆ రోజు అడగలేదు.

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న అత్తగారికి గుండె జారిపోయింది. ఆవిడకీ ఒక రహస్యం ఉంది. మనవడు ఏడుస్తుంటే ఆవిడ చూసి ఓర్చుకోలేదు. అందుకని రోజూ కోడలు వంటింట్లో బంగాళదుంప మెదిపే వేళకి, బిస్కెట్లు పాలల్లో నానబెట్టి వాడి నోట్లో పెట్టేసి, మూతి తుడిచి, చేతులు వెనక్కి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. డాక్టరమ్మ గొట్టం మాట ఎత్తాక బిస్కెట్లు రెట్టింపు కూడా చేసింది. కోడలు గిన్నె తీసుకుని వచ్చేసరికి బొద్దోడికి ఆకలి ఉండేది కాదు. పాపం పిల్లాడికి ఏమైందోనని ఆవిడా కోడలితో సమానంగా బాధపడేది. ఆ బాధలో నటన లేదు. ఒక పని చెయ్యడం వేరు, ఆ పని వల్ల ఏం జరుగుతోందో ఆలోచించడం వేరు.

బిస్కెట్ల పొట్లం బీరువా వెనక ఉండేది. కొడుకు దాని కోసమే వెతుకుతున్నాడనుకుంది. నయం, అతను అటు తిరిగే లోపల పొట్లాన్ని తీసి, సంచి జిప్పు కాస్త లాగి, కొడుకు మీద నుంచి చూపు తిప్పకుండా లోపల పడేసి మూసేసింది.

అలా ఆ ఉదయం ఆ మూడు గదుల ఇంట్లో ముగ్గురు మనుషులు మూడు రహస్యాలు మోస్తూ, ఒకరికొకరు తగలకుండా తిరిగారు. దాచుకోవడానికి ఏమీ లేనివాడు బొద్దోడొక్కడే. వాడు నాన్న చెప్పు చీకుతున్నాడు.

బస్సులో సంచి తను పట్టుకుంటానని అత్తగారు పంతం పట్టింది. పెద్దవారు మీకెందుకండీ బరువు అని కోడలు అంటే, మనవడి బరువు మోసే వయసు ఎలాగూ దాటిపోయింది, సంచైనా మోయనీ అంది. సగం దారిలో బొద్దోడు మొదలెట్టాడు. వాడి బిస్కెట్ల వేళ అయింది. కోడలు కిటికీ గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్న సమయంలో అత్తగారు మెల్లిగా జిప్పు లాగి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. పొట్లం దొరికింది. పొట్లం మీద ఏదో కదిలింది. పక్కన తడిమితే అక్కడా కదిలింది. ఆవిడ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది, మొహం మాత్రం రంగులు మారింది. దొంగకి తేలు కుట్టినట్టంటారే, అది చూడాలంటే ఆ బస్సులో ఆవిడ ఎదుటి సీట్లో కూర్చోవలసింది.

"అత్తయ్యా, ఏమైందండీ, చెమటలు పడుతున్నాయి?" అని కోడలు అడిగింది.

"చలి" అంది అత్తగారు.

చెయ్యి బయటికి తీసి, జిప్పు మూసి, రెండు చేతులతో సంచిని ఒళ్లో నొక్కి పట్టుకుంది. ఆవిడకీ అంతా అర్థమైపోయింది. బిస్కెట్లకి పురుగు పట్టింది. ఎన్నాళ్ల నుంచి పట్టిందో. ఆ బిస్కెట్లు చేజేతులా ముద్దుల మనవడికి పెట్టింది తనే.

డాక్టరమ్మ గదిలో తక్కెడ, ఒక బల్ల, రెండు కుర్చీలు ఉన్నాయి. బల్ల మూలలు వాడిగా ఉన్నాయి, చిన్నపిల్లలు వచ్చే చోట ఎవరైనా చూసుకోవద్దా. తల్లి ముందు తలుపు వేసి, అత్తగారికి వినపడకుండా ఉండాలని గొంతు తగ్గించి, సిరప్పు సీసా బల్ల మీద పెట్టింది. గది చిన్నది కాబట్టి అత్తగారికి అంతా వినపడింది. సీసాలో ఉన్నది కనపడింది కూడా. ఆవిడ కుర్చీలో కూర్చుంది, కూర్చోమని ఎవరూ అనకముందే.

డాక్టరమ్మ సీసాని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పింది. ఎక్కడ దొరికాయంది. గుడ్డలో అంది తల్లి. ఇలాంటివి ఏ పిల్లాడి కడుపులోనూ తను చూడలేదని డాక్టరమ్మ నిజాయితీగా ఒప్పుకుని, ముందు బరువు చూద్దామంది. బొద్దోణ్ని తక్కెడలో పడుకోబెట్టారు. తల్లి కళ్లు మూసుకుంది.

"పెరిగాడమ్మా" అంది డాక్టరమ్మ.

తల్లి కళ్లు తెరవలేదు.

"చూడమ్మా, బాగా పెరిగాడు. ఏం పెడుతున్నావు?"

ఏమీ తినడం లేదండీ అంది తల్లి. పొద్దున్న రెండు చెంచాలు ఉమ్మాడని, మధ్యాహ్నం గిన్నె తన్నాడని, సాయంత్రం తలుపు గొళ్లెం నాకాడని వరసగా చెప్పింది. డాక్టరమ్మ ఓపిగ్గా విని, గొళ్లెం నాకి ఒళ్లు చేసిన పిల్లాణ్ని తన సర్వీసులో చూడలేదని, వీడికి ఎవరో ఏదో పెడుతున్నారని అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అత్తగారు ఒళ్లోని సంచిని బల్ల మీదికి నెట్టి దూరంగా జరిగింది. తొందరలో నెట్టింది కాబట్టి సంచి బోర్లా పడింది. బస్సులో సరిగ్గా మూసుకోని జిప్పు పూర్తిగా విడిపోయింది.

ముందు దుప్పటి వచ్చింది. దాని వెనక గుడ్డలు వచ్చాయి. వాటి మీద, వాటి కింద, వాటి మడతల్లోంచి గోధుమరంగు పురుగులు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తొట్టెడు. వెలుతురు గిట్టక నాలుగు వైపులా పాకుతూ, కొన్ని మందుల చీటీల కిందికి, కొన్ని డాక్టరమ్మ స్వెట్టరు చేతిలోకి దారి తీశాయి. డాక్టరమ్మ కదలకుండా కూర్చుని, సీసా వంకా బల్ల వంకా బొద్దోడి వంకా చూసింది.

"ఇవన్నీ ఒక్కడి కడుపులోవేనా?" అని అడిగింది.

డాక్టరమ్మ స్వెట్టరు దులుపుకుని, మీ ఇంట్లో మగవాళ్లేం పని చేస్తారంది. చేపలకి మేత తయారుచేస్తారని తల్లి చెప్పింది. దేంతో అంది డాక్టరమ్మ. ప్రత్యామ్నాయ, అని మొదలుపెట్టి తల్లి అక్కడే ఆగిపోయింది. నోరు తిరిగాక ఆ మాట మధ్యలో ఆపడం ఆమెకు అదే మొదటిసారి. మంచం కింద మొగుడు వెతికిన పెన్ను ఎలాంటిదో, దానికి ఎన్ని ముడతలో, ఇప్పుడు బోధపడింది.

బోధపడింది సగమే. కడుపులోంచి రాలేదు సరే. కడుపులోకి వెళ్లలేదని ఎవరు చెప్పగలరు. పెట్టనిది వదలని పిల్లాడు, మంచం కింద తొట్టెడు మేత, చెప్పాపెట్టకుండా పెరిగిన బరువు. ఈ మూడూ కలుపుకుంటే వచ్చే జవాబు ఒకటే. తొట్టి వచ్చింది నిన్ననే అన్న సంగతి ఆమెకు తెలియదు. తెలిసినవాడు చెరువు దగ్గర ఉన్నాడు. వీటి వల్ల పిల్లాడికి ప్రమాదమేమీ కనపడదని, బరువు పెరిగిన పిల్లాడికి గొట్టం అక్కర్లేదని, ముందు వీటిని తన బల్ల మీంచి తీసుకువెళ్లమని డాక్టరమ్మ అంది. అత్తాకోడళ్లిద్దరూ కలిసి గుప్పిళ్లతో ఎత్తి సంచిలో వేశారు. అత్తగారు పురుగుల మధ్య నుంచి బిస్కెట్ల పొట్లాన్ని ఒడుపుగా లాగి తన స్వెట్టరు జేబులో వేసుకుంది. ఆవిడ ప్రాణం కుదుటపడింది. పురుగులు బిస్కెట్లవి కావు. ఇక నోరు మెదపవలసిన అవసరమూ లేదు.

బస్సు మారి, ముగ్గురూ సంచితో సహా చేపల కేంద్రానికి చేరేసరికి యజమాని అప్పటికే వచ్చి ఉన్నాడు. షెడ్డులో భర్త ఖాళీ తొట్టికి వాలు చెక్క ఆనించి, పురుగులు ఎలా నడుస్తాయో చేతి వేళ్లతో నడిపి చూపిస్తున్నాడు. యజమాని చేతులు కట్టుకుని ఆ వేళ్ల వంక చూస్తున్నాడు. పక్కనే మేత తాత నిలబడి ఉన్నాడు. ఆ చెరువులకి మేత చల్లడంలోనే జుట్టు నెరిసినవాడు, చేపలతో తప్ప మనుషులతో పెద్దగా మాట్లాడడు.

తల్లి పిల్లాణ్ని చంకనేసుకుని నేరుగా లోపలికి వెళ్లి, సంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమండీ, మీ ప్రత్యామ్నాయ మాంసకృత్తులు మర్చిపోయి వచ్చారు" అంది.

భర్త మొహంలో సంతోషమూ భయమూ ఒకేసారి వచ్చి దేనికీ చోటు లేకుండా పోయింది. యజమాని సంచిలోకి తొంగిచూసి, ఇవి ఇందులోకి ఎలా వచ్చాయన్నాడు. వాటంతటవే నడిచి వచ్చాయని ఆమె చెప్పింది. ఎవరూ ఏరలేదా అన్నాడు. ఎవరు ఏరతారండీ వీటిని అంది. యజమాని తల ఊపాడు. వచ్చిన దగ్గర్నుంచీ అతను తల ఊపడం అదే మొదలు.

ఆమె అక్కడితో ఆగి ఉంటే మొగుడి ఉద్యోగం అప్పుడే గట్టిపడేది. కానీ ఆమె వచ్చింది ఉద్యోగం కోసం కాదు. తొట్టిని పసిపిల్లాడి మంచం కింద పెట్టారని, వాడు రోజూ వీటినే ఏరుకు తింటున్నాడని, కావాలంటే డాక్టరమ్మ తక్కెడని అడగమని, వాడికేమైనా అయితే జవాబు ఎవరు చెప్తారని యజమాని ఎదుటే నిలదీసింది. ఒక్క రోజే పెట్టానే అని భర్త గొణిగాడు. పెన్ను కూడా అలాగే పోయిందన్నారు అంది ఆమె. ఆ తర్వాత అతని మాటకి విలువ లేకపోయింది.

యజమాని మాత్రం వేరే సంగతి పట్టుకున్నాడు. ఎంత పెరిగాడని అడిగాడు. చెప్పింది. ఇవి తినేనా అన్నాడు. వేరే ఏమీ ముట్టడండీ అంది. అతను బొద్దోణ్ని ఎగాదిగా చూసి, బుగ్గ వేలితో నొక్కి, మేత బస్తాలు అచ్చువేసేవాడికి ఫోన్ చేస్తానన్నాడు. మేత బస్తా మీద చేప బొమ్మ అందరూ వేస్తారు, మనం ఈ బాబు ఫొటో వేద్దామన్నాడు. అత్తగారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. నిజం చెప్తే కోడలి ముందు తల ఎత్తలేదు, చెప్పకపోతే మనవడు చేపల మేత బస్తాకెక్కుతాడు.

"ముందు చేప తినాలి కదా సార్" అన్నాడు భర్త. అతను నిజాయితీపరుడు, అదే అతని కష్టం.

అందరూ చెరువు గట్టు మీదికి వెళ్లారు. గట్టుకి కమ్మీ లేదు. తల్లి బొద్దోణ్ని రెండు చేతులతో పట్టుకుని, గట్టు అంచుకి నాలుగడుగుల వెనకే నిలబడింది. భర్త గుళికలు చల్లాడు. చేపలు పైకి వచ్చాయి, నోళ్లు తెరిచాయి, మూశాయి, ఉమ్మేశాయి. ఇంకో గుప్పెడు చల్లాడు. ఈసారి పైకి రావడానికి కూడా బద్ధకించాయి. యజమాని ఉమ్మేసిన గుళికల వంక చూశాడు.

"పిల్లాడు తింటున్నాడు, చేప తినటం లేదు. మనం పెంచాల్సింది పిల్లల్నేమో చూడవయ్యా" అన్నాడు.

రేపటి నుంచి పాత మేతకి మారిపోదామని, ఇతని సంగతి నెలాఖరుకి చూద్దామని, చెప్పులు దులుపుకుంటూ వెనక్కి తిరిగాడు. భర్త చేతిలోని గుళికలు చేతిలోనే ఉండిపోయాయి. తల్లి కోపం కూడా చప్పగా చల్లారింది. ఆ మొహం ఆమెకు బాగా తెలుసు. మూడు పూటలా గిన్నె పట్టుకుని నిలబడినప్పుడు తన మొహమూ అలాగే ఉంటుంది. ఎంత మెత్తగా చేసినా, ఎంత ఓపిగ్గా చేసినా, తినరు.

అత్తగారు మాత్రం నీళ్ల వంక చూడడం లేదు. మేత తాత వంక చూస్తోంది. అతను కాస్త ఎడంగా నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, అక్కడేదో ముంచుకొస్తున్నట్టు ఆకాశంలోకి చూస్తున్నాడు. అలా నిలబడడం ఎప్పుడు వస్తుందో ఆవిడకి తెలిసినంతగా ఆ గట్టు మీద ఇంకెవరికీ తెలియదు. జేబులోని పొట్లాన్ని ఒకసారి తడుముకుంది. కొడుకు మొహం చూసింది.

"ఒరేయ్, ఆగండ్రా. ఆ చేపలకి ఆకలి లేదు" అంది.

మీకెలా తెలుసన్నట్టు యజమాని చూశాడు.

"మా బొద్దోడికీ ఉండదు కాబట్టి" అని, పొట్లం తీసి అందరికీ కనపడేలా పట్టుకుంది. "పాలల్లో నానేసి పెడతాను. రోజూ. మా కోడలు గిన్నె తెచ్చేలోపల."

చెరువులో ఒక చేప ఎగిరి పడింది. కోడలు అత్తగారి వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయడం బాగుండదు. అందులో కోపం ఉంది, అయితే పిల్లాడు పురుగులు తినలేదన్న నిశ్చింత దానికి అడ్డం వచ్చి, చివరికి ఆమె ఉన్నపళంగా గట్టు మీద చతికిలబడి బొద్దోడి నెత్తిన మొహం పెట్టుకుంది. అత్తగారు ఆ గొడవ అటు వదిలేసి తాత ముందుకి వెళ్లి నిలబడింది.

"పెద్దాయనా, చేతులు ముందుకి పెట్టు."

తాత ముందుకి పెట్టాడు. ఆవిడ వాసన చూసింది. ఎండుచేపల పొడి వాసన అక్కడిదాకా వచ్చింది.

కొత్త మేత మొదలైన మొదటి రోజు నుంచీ, సూపర్‌వైజరు రాకముందే, పాత బస్తాల్లో అడుగూ బొడుగూ దులిపి ఆ చెరువులో చల్లుతున్నానని తాత ఒప్పుకున్నాడు. ఎందుకు చేశావయ్యా అని యజమాని అడిగితే, మొహం చూసి పెట్టానన్నాడు. చేప మొహమా అన్నాడు యజమాని. ఆకలి మొహం ఎవరిదైనా ఒకటే సార్ అన్నాడు తాత. అత్తగారు తలాడించింది. జీవితంలో ఆవిడని అర్థం చేసుకున్న మొదటి మనిషి అతనే.

యజమానికి ఆ రోజు ఒక్కటే తేలింది. కొత్త మేత ఇంతవరకూ ఎవరూ తిని చూడలేదు, చేపతో సహా. ఇంకొన్నాళ్లు గడువిచ్చాడు. తాతని పక్క చెరువులకి మార్చాడు, కానీ పక్క చెరువు పక్కనే ఉంటుంది. అతని మీద కన్నేసి ఉంచడానికి ఒక మనిషి కావాలన్నాడు. దొంగ నిలబడే తీరు తెలిసిన మనిషైతే మంచిదన్నాడు. కోడలు చతికిలబడిన చోటు నుంచే అత్తగారి పేరు చెప్పింది. అంత చప్పున ఆమె ఏ విషయంలోనూ బదులివ్వలేదని భర్త తర్వాత అన్నాడు.

మర్నాటి నుంచి అత్తగారు మడతకుర్చీ వేసుకుని చెరువు గట్టున కూర్చుంది. మొదటి రోజు బొద్దోడు ఇల్లు పీకి పందిరేశాడు. రెండో రోజు నేల మీద దొర్లాడు. మూడో రోజు మధ్యాహ్నం, తల్లి పాడకుండా, కాకినీ పిచ్చుకనీ పిలవకుండా గిన్నె పక్కన పెట్టి ఊరుకుంటే, తనే పాక్కుంటూ వచ్చి, ఆమె మీద ఏదో పాత పగ ఉన్నట్టు కళ్లలోకి చూస్తూ, గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నాడు. ఆమె చెంచా పక్కన పెట్టేసింది. గొంతులో అడ్డుపడుతుందేమోనని చూసింది, పడలేదు. అదే వారం చెరువులో చేపలు గుళికల మీద ఎగబడ్డాయి. భర్త ఉద్యోగం నిలబడింది. బస్తా మీద చేప బొమ్మే వేశారు.

అంతా బాగుంది గానీ, ఈమధ్య ఆ చెరువులో చేపలు వేసిన మేతకి మించి పెరుగుతున్నాయట. యజమాని అది కొత్త మేత గొప్పతనమంటున్నాడు. భర్త కూడా ఔననే అంటున్నాడు, కానీ సాయంత్రం వాళ్లమ్మ స్వెట్టరు జేబు దులిపితే నూకల్లాంటివేవో రాలుతున్నాయని భార్యతో ఒకసారి అన్నాడు. కోడలికి ఇంటి దగ్గర పిల్లాడు, పగలంతా గట్టు మీద ఆవిడ ఏం చేస్తోందో వెళ్లి చూసి రావడానికి కుదరటం లేదు. మీరెవరైనా అటువైపు వెళ్తే పెద్దావిడని ఒకసారి చూసి రండి. పలకరించక్కర్లేదు, చేతులు ముందున్నాయో వెనకున్నాయో చూస్తే చాలు.